వనరాజా, గ్రామప్రియ: పెరటి కోడి గుడ్డు ఇంటి కంచం దాకా వస్తుందా?

ముందే తేల్చి చెప్పేస్తాం. పెంటదిబ్బ, పశువుల పాక, నాలుగు చెట్లు, కోళ్లు పొద్దస్తమానం తిరిగి ఏరుకు తినే చోటు ఉన్న ఇంటికి గ్రామప్రియ కొనదగ్గ కోడి. గుడ్లతో పాటు మాంసమూ కావాలనుకుంటే వనరాజా. చుట్టూ సిమెంటు గచ్చు, పక్కింటి గోడ తప్ప ఏమీ లేని ఇంటికి రెండూ వద్దు. ఆ డబ్బుతో అంగట్లో ఫారం గుడ్లు కొనుక్కోవడమే మేలు. ఎందుకో లెక్కతో సహా కింద రాశాం.

రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైన రకాలు. ఊరి నాటు పెట్ట ఏడాదికి 40 నుంచి 60 గుడ్లు పెడుతుంది. పది పదిహేను పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది, ఆపైన పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది, అన్నాళ్లూ గుడ్డు ఉండదు. వనరాజా పెట్ట అదే పెరట్లో 100 నుంచి 110, గ్రామప్రియ కాస్త మేత వేస్తే 160 నుంచి 180 దాకా పెడతాయి. వనరాజా ఆరు నెలలకు రెండు కిలోలు దాటే బరువైన కోడి. గ్రామప్రియ తేలికైనది, గుడ్ల కోసమే తీర్చినది, దాని గుడ్డు పెంకు గోధుమ రంగులో ఉంటుంది. రెండింటికీ రంగురంగుల ఈకలు, పొడుగాటి కాళ్లు. తెల్ల కోడి గద్ద కంట ఇట్టే పడుతుంది, ఇవి మట్టిలో, ఆకుల్లో కలిసిపోతాయి. కాళ్లు పొడుగు కాబట్టి కుక్క వెంటపడితే పరుగు తీయగలవు. అయినా వనరాజా బరువు వల్ల నాటుకోడిలా ఎగిరి కొమ్మెక్కలేదు. పిల్లులు, ముంగిసలు ఎక్కువగా ఉన్న ఊళ్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. 20 కోడిపిల్లల్ని తెస్తే నలుగురున్న ఇంట్లో కంచంలోకి వచ్చేదెంత?

పిల్లల్ని ఆడ, మగ వేరు చేయకుండానే ఇస్తారు కాబట్టి 20లో పది పెట్టలు, పది పుంజులు అనుకోండి. పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో ఒకటీ రెండూ పోతాయి, పెరట్లోకి వదిలాక మరికొన్ని. టీకాలన్నీ వేసి జాగ్రత్తగా పెంచినా చివరికి గుడ్డు పెట్టే పెట్టలు ఏడు మిగిలాయనుకోవడం న్యాయమైన అంచనా. ఏడు వనరాజా పెట్టలు, ఒక్కోటి 110 గుడ్లు, అంటే ఏడాదికి 770. మనిషికి ఏడాదికి 180 గుడ్లు ఉండాలన్నది జాతీయ పోషకాహార సంస్థ చెబుతూ వచ్చిన లెక్క. నలుగురికి 720. అంటే 20 పిల్లల గుంపు ఒక చిన్న కుటుంబానికి సరిగ్గా సరిపోతుంది, మిగిలేది పెద్దగా ఉండదు. గ్రామప్రియ అయితే ఏడు పెట్టలకు 1,120 గుడ్లు, అప్పుడు 400 దాకా అమ్ముకోవచ్చు.

ప్రోటీన్‌గా చూస్తే ఇంత గొప్పగా కనిపించదు. 50 గ్రాముల గుడ్డులో ప్రోటీన్ 6 గ్రాములు. 770 గుడ్లను నలుగురికీ, 365 రోజులకీ పంచితే మనిషికి రోజుకు 3 గ్రాముల పైచిలుకు. పుంజుల మాంసం కలిపితే నాలుగుకు దగ్గరగా వస్తుంది. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు కావాల్సింది సుమారు 46 గ్రాములు, 65 కిలోల మగమనిషికి 54. పెరటి కోళ్లు ఇంటి ప్రోటీన్ అవసరం మొత్తం తీరుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయినా కొనమనే చెబుతున్నాం, అందుకు కారణముంది. పూటకు పూట అన్నమే తినే మనిషి కంచం చూడండి. రోజుకు 400 గ్రాముల బియ్యంలో 32 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. 30 గ్రాముల కందిపప్పులో ఆరున్నర. రెండూ కలిపి 39 కూడా కాదు. కూర, మజ్జిగ కాస్త కలుపుతాయి. అంకెలో లోటు చిన్నదే, నాణ్యతలో లోటు పెద్దది. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ; రెండూ ఒంటికి తప్పక కావాల్సిన అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ ముక్కలు. ఒకదాని లోటు మరొకటి కొంత పూడుస్తుంది గానీ పప్పు నీళ్లచారు అయిన రోజుల్లో అదీ జరగదు. గుడ్డులో రెండూ నిండుగా ఉంటాయి, పైగా బియ్యంలో, పప్పులో అసలే దొరకని బి12 కూడా ఉంటుంది. అందుకే రోజూ ఒక గుడ్డు పూర్తిగా ఒకే మనిషి కంచంలో పడితే ఆ మనిషి లోటు దాదాపు తీరుతుంది. అదే గుడ్డు నలుగురి పులుసులో ముక్కలైతే ఎవరి లోటూ తీరదు. ఏడు పెట్టలకు రోజుకు సగటున రెండు గుడ్లు. ఆ రెండూ ఎవరివో ముందే అనుకోవాలి. మా మాట అడిగితే ఒకటి రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు, రెండోది గర్భిణికో పాలిచ్చే తల్లికో. ఆడవాళ్లు అందరి తర్వాత తినే ఇంట్లో ఈ మాట పైకి అనకపోతే గుడ్డు వాళ్ల దాకా రాదు.

ఒక అపోహ ఇక్కడే తీసేయాలి. గుడ్డు రక్తహీనతకు మందు కాదు. గుడ్డులో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నట్టు ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వాళ్లకు పుంజు కోసిన రోజున కార్జం పెట్టండి, అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ మాత్రలు మాత్రం మానొద్దు.

నాటు గుడ్డులో ప్రోటీన్ ఎక్కువన్నదీ నిజం కాదు. బరువుకు బరువు చూస్తే ఫారం గుడ్డుకూ పెరటి గుడ్డుకూ ప్రోటీన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన ముదురు రంగు కోడి తిన్న ఆకుకూరను బట్టి వస్తుంది. పచ్చి గుడ్డు తాగడం మంచిదనేవాళ్లు ఇంకా ఉన్నారు. పచ్చిగా తాగితే ప్రోటీన్ సగమే అరుగుతుంది, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా సూక్ష్మక్రిమి భయం అదనం. ఉడకబెట్టండి. ఫారం గుడ్డూ పెరటి గుడ్డూ ప్రోటీన్‌లో సమానం కావడం వల్ల ఒక మంచి కిటుకు కూడా దొరుకుతుంది. గోధుమ రంగు గుడ్డుకు ఊళ్లో తెల్ల గుడ్డు కన్నా ధర ఎక్కువ పలుకుతుంది. ఒక పెరటి గుడ్డు అమ్మి వచ్చిన డబ్బుతో ఒకటికి మించి ఫారం గుడ్లు కొంటే ఇంట్లో ప్రోటీన్ పెరిగినట్టే. ఆ డబ్బు సెల్ రీఛార్జికి పోతే తగ్గినట్టే. గుడ్లు అమ్మడం తప్పు కాదు, ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదే చూడాలి. కోళ్ల పని చేసే ఇల్లాలి చేతిలోనే గుడ్ల డబ్బు కూడా ఉన్న ఇంట్లో అది తిరిగి వంటింటికే వస్తుంది.

మేత లెక్క

ఈ కోళ్ల విషయంలో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెరట్లో తిరిగే కోడికి పురుగులు, రాలిన గింజలు, గడ్డి పోను సాయంత్రం 40 గ్రాముల నూకలో జొన్నలో వేస్తే చాలు. ఏడాదికి 14.6 కిలోలు. వనరాజా పెట్టే 110 గుడ్లతో భాగిస్తే గుడ్డుకు సుమారు 130 గ్రాముల గింజ. అదే కోడిని షెడ్డులో మూసిపెట్టి మేతంతా మీరే పోస్తే రోజుకు 110 గ్రాములు, ఏడాదికి 40 కిలోలు, గుడ్డుకు 365 గ్రాములు. ఫారంలో గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి కూడా 40 కిలోలే తిని 300కు పైగా గుడ్లు పెడుతుంది, గుడ్డుకు 130 గ్రాములే. అంటే తిరిగే చోటు ఉంటేనే వనరాజా ఫారం కోడితో సమానం. మూసిపెడితే దాదాపు మూడు రెట్లు ఖర్చు. వందల కొద్దీ వనరాజాలు షెడ్డులో పెట్టి గుడ్ల వ్యాపారం చేద్దామనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు, మీ ఊరి నూకల ధరతో గుణించి చూసుకోండి.

మరీ ఎక్కువ మేత వేసినా నష్టమే. వనరాజా పెట్ట తిండిపోతు. గుడ్డుకు వచ్చే వేళకు రెండున్నర కిలోలు దాటి కొవ్వు పట్టిందంటే గుడ్లు తగ్గుతాయి. గ్రామప్రియకు ఈ జబ్బు తక్కువ. గుడ్డు మొదలయ్యాక పెట్టకు రోజుకు 4, 5 గ్రాముల ఆల్చిప్పల పొడి గానీ సున్నపురాయి పొడి గానీ విడిగా చిప్పలో పెట్టండి. అది లేకపోతే ముందు పెంకు పలచబడుతుంది, తర్వాత తోలు గుడ్లు పడతాయి, ఆ తర్వాత కోళ్లు తమ గుడ్లు తామే పొడుచుకు తినడం నేర్చుకుంటాయి. ఆ అలవాటు పడిన కోడిని మార్చడం చాలా కష్టం.

నీటి మీద పెరిగే నాచులాంటి మొక్క అజొల్లా గురించి అందరూ అడుగుతారు. ఎండిన అజొల్లాలో 20 శాతానికి పైగా ప్రోటీన్ ఉన్నమాట నిజమే, కానీ పచ్చి అజొల్లాలో తొంభై పాళ్లకు మించి నీళ్లే. వంద గ్రాములు వేస్తే దక్కేది గ్రామున్నర ప్రోటీన్. పచ్చిమేతగా మంచిదే, గింజకు బదులు కాదు. దానికన్నా చెదల కుండ మేలు. పాత కుండలో తడి పేడ, గడ్డి, చింకి గోనె కుక్కి చెదలపుట్ట పక్కన బోర్లించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి చెదలు నిండుతాయి. కోడిపిల్లలకు అంతకన్నా మంచి మేత లేదు. నూకలు మనుషులు కూడా వండుకు తినే ఇంట్లో మాత్రం కోళ్ల సంఖ్య పది దాటనివ్వకండి. ఇంట్లో వాళ్ల గంజి కోడికి పోస్తే ఆహార భద్రత ఎక్కడుంది?

మొదటి ఆరు వారాలు

ఒక రోజు పిల్లలు చవక, నాలుగు నుంచి ఆరు వారాలు పెంచిన పిల్లలు ఖరీదు. మొదటిసారి కొనేవాళ్లు అలా పెంచిన పిల్లల్నే తీసుకోండి. చచ్చేవన్నీ ఈ ఆరు వారాల్లోనే ఎక్కువగా చస్తాయి. దగ్గర్లో మదర్ యూనిట్ (ఒక రోజు పిల్లల్ని కొన్ని వారాలు పెంచి అమ్మే చోటు) ఉంటే అక్కడ, లేకపోతే కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ఒక రోజు పిల్లల్నే తెచ్చేటట్టయితే: వెదురు తడికతో గానీ అట్టతో గానీ అడుగున్నర ఎత్తు గుండ్రటి అడ్డు కట్టాలి, మూలలు ఉండకూడదు. మూల ఉంటే చలికి అన్నీ అక్కడ గుమిగూడి కిందివి ఊపిరాడక చస్తాయి. రెండంగుళాల మందాన ఊక, మొదటి మూడు నాలుగు రోజులు దానిపైన పేపర్, లేకపోతే పిల్లలు ఊకే తింటాయి. పిల్లకు అర చదరపు అడుగు చొప్పున చోటు, రెండు వాట్ల చొప్పున వేడి. 20 పిల్లలకు 60 వాట్ల పాతకాలం బల్బు ఒకటి, చలికాలమైతే 100. ఇప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఎల్‌ఈడీ బల్బు పెట్టడం. వెలుతురు ఉంటుంది, వేడి ఉండదు, రాత్రికి రాత్రి పిల్లలు ముడుచుకుపోతాయి. కరెంటు పోయే ఊళ్లో నిప్పుల కుంపటి మీద బోర్లించిన కుండ సిద్ధంగా ఉంచుకోండి, పొగ మాత్రం రానివ్వొద్దు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ తర్వాత వారానికి 5 తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కిందే కుప్పగా చేరితే చలి, అడ్డు దగ్గరికి పోయి నోరు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తిరిగితే సరిపోయినట్టు.

మేత మొదటి రోజు సన్నటి మొక్కజొన్న రవ్వ, రెండో రోజు నుంచి చిక్ మాష్ (కోడిపిల్లల మేత పిండి). ఇంట్లో కలుపుకుంటే పది కిలోలకు మొక్కజొన్న నలగగొట్టినది 5 కిలోలు, సోయా చెక్క 3.1, తవుడు 1.6, కోళ్లకని అమ్మే మినరల్ మిక్స్చర్, విటమిన్లు, చిటికెడు ఉప్పు అన్నీ కలిపి 300 గ్రాములు. దీంట్లో ప్రోటీన్ 19, 20 శాతం వస్తుంది. సోయా బదులు వేరుశనగ చెక్క వాడితే బూజు వాసన చూసుకోండి. బూజు పట్టిన చెక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషం పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, టీకా వేసినా ఒంటికి పట్టదు. ఆరు వారాలకు 20 పిల్లలు తినేది 25 నుంచి 30 కిలోలు. వట్టి నూకలతో నెట్టుకొద్దామంటే కుదరదు, ఆ వయసులో ఎదుగుదల పోతే మళ్లీ రాదు, ఆరు నెలలకు రావాల్సిన గుడ్డు ఎనిమిదో నెలకు వస్తుంది. తడిసిన ఊక మార్చకపోతే మూడో వారంలో రక్త పారుడు అంటుకుంటుంది.

టీకాల్లో తప్పు జరిగేది మందు వల్ల కంటే సీసా సైజు వల్ల. మారెక్స్ (కోళ్లకు కాళ్లు పడిపోయే జబ్బు) టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు. 7వ రోజు కంట్లో లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్క, 14వ రోజు గంబోరో (కోళ్ల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారం కోళ్ల మశూచి, ఏడో వారం నట్టల మందు, 8 నుంచి 10 వారాల మధ్య కొక్కెర తెగులుకు ఆర్‌2బి ఇంజెక్షన్, అక్కడి నుంచి ఆరు నెలలకోసారి. అన్ని రోగాల్లోకీ పెరటి కోళ్లను ఊడ్చిపెట్టేది కొక్కెర తెగులే, ముఖ్యంగా ఎండాకాలంలో. సీసా వంద డోసులకు తక్కువ దొరకడం అరుదు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. 20 కోళ్ల కోసం సీసా విప్పడానికి మనసొప్పక చాలామంది మానేస్తారు. అందుకే వీధిలో నాలుగైదు ఇళ్లు ఒకే నెలలో పిల్లల్ని తెచ్చుకుని ఒకే రోజు టీకా వేయించుకోవాలి. ఐసు ముక్కల ఫ్లాస్కులో కాకుండా చొక్కా జేబులో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. పక్కింటి కోళ్లకు వేయకపోతే మీ కోళ్లకూ ముప్పే, కాబట్టి ఇది ఊరుమ్మడి పని. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. కోళ్లు వరసపెట్టి చస్తుంటే కోసి తినొద్దు, పంచిపెట్టొద్దు, పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.

ఆరు వారాల తర్వాత పగలంతా పెరట్లోకి, రాత్రికి గూట్లోకి. 20 కోళ్లకు 5 అడుగులు, 4 అడుగుల గూడు, నేలకు అడుగు పైన. జాలీ కన్ను అరంగుళం మించితే పాము, ముంగిస దూరతాయి. నాలుగైదు పెట్టలకు ఒక గడ్డి బుట్ట పెడితే గుడ్లు గడ్డివాములో వెతుక్కునే పని ఉండదు. గుడ్లు కడగకండి, కడిగితే పెంకు మీది పొర పోయి త్వరగా పాడవుతాయి.

పుంజుల విషయంలో జనం మొహమాటపడతారు. ఎనిమిదో వారానికి జుట్టు చూసి మగవాటిని గుర్తుపట్టొచ్చు. 12 నుంచి 15 వారాల్లో కిలో, కిలోంబావు దాటగానే వరసగా కోసుకోండి, లేదా అమ్మేయండి. ఆపైన అన్నిటినీ ఊరికే ఉంచుకుంటే తినే మేతంతా దండగ. గుడ్డుకు పుంజు అక్కర్లేదు, పుంజు లేని పెట్టల గుడ్డు పిల్లకట్టదు కాబట్టి ఎండాకాలంలో ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది కూడా. పండగకని ఎనిమిదింటినీ ఒకేసారి కోసే బదులు పదిహేను రోజులకొకటి కోస్తే నాలుగు నెలల పాటు ఇంట్లో కోడికూర ఉంటుంది.

రెండు రకాల్లోనూ మాకు నచ్చని విషయం ఒకటుంది. ఇవి పొదగవు. గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి 21 రోజులకు పిల్లలు తీయించినా, ఆ పిల్లల్లో తల్లి గుణం పూర్తిగా రాదు. సంకరం కాబట్టి తరం మారగానే గుడ్లు తగ్గుతాయి. అంటే 72 వారాల తర్వాత గుడ్లు పడిపోయాక ప్రతిసారీ కొత్త పిల్లల్ని కొనాల్సిందే. దగ్గర్లో పిల్లలు దొరకని మారుమూల ఊరికి నాటుకోడి తక్కువ గుడ్లే పెట్టినా తన సంతానం తానే చూసుకుంటుంది. అలాంటి చోట రెండు నాటు పెట్టలు ఉంచుకుని మిగతావి గ్రామప్రియ పెంచడం మంచి పద్ధతి.

20 పిల్లల్నీ ఒకేసారి తెస్తే ఆరు నెలలు గుడ్డే ఉండదు, తర్వాత ఒక్కసారిగా ఎక్కువవుతాయి, చివర్లో అన్నీ కలిసి ఆగిపోతాయి. పదింటిని ఆగస్టులో, పదింటిని జనవరిలో తెస్తే ఏడాది పొడుగునా ఇంట్లో గుడ్డు ఉంటుంది. చిన్నవాటిని ఎనిమిది వారాల దాకా పెద్దవాటితో కలపకూడదు.

రాజేంద్రనగర్‌లో పిల్లలు కావాలంటే ముందే బుక్ చేసుకుని ఆగాలి. ఆగలేక బండి మీద గంపలో తెచ్చేవాళ్ల దగ్గర కొంటే, రంగు ఈకలున్న ప్రతి పిల్లకూ వనరాజా అనే పేరు చెబుతారు. ఈ రకంలోనే అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి ఈక చూసి పోల్చలేరు. పచ్చ, గులాబీ రంగులద్దినవైతే లేయర్ హేచరీలు వదిలేసిన మగపిల్లలు, వాటి జోలికే పోవద్దు. ఎక్కడ కొన్నా రసీదు మీద రకం పేరు, పిల్లలు పుట్టిన తేదీ, మారెక్స్ టీకా వేశారో లేదో రాయించుకోండి. లసోటా చుక్క వేయాల్సిన 7వ రోజు ఆ తేదీ నుంచే లెక్క.